కాటా దగ్గర

పగలంతా నేను కాశీబుగ్గలో
జీడిపిక్కల ఫ్యాక్టరీ కాటా గుమస్తాని.
అమ్మా అంటాను, అప్పా అంటాను,
తట్ట దింపడానికి ఓ చెయ్యి వేస్తాను.
తూకంలో వంద గ్రాములు తగ్గాయని ఎవరైనా అంటే
నేల చూసి
ఓనరుగారితో చెప్తానంటాను.
చెప్పను.
అది వాళ్లకీ తెలుసు.
అయినా సరే, మంచిది బావూ అని వెళ్తారు.

రాత్రి పదిన్నరకి, అన్నం తిని,
దోమతెరలో బోర్లా పడుకున్నాక
నేను ఉద్దానం పులిని.
రెండో సిమ్ము. పులి బొమ్మ.
ఊరి గ్రూపులో నాలుగొందల ముప్పై మంది.
పెళ్లిభోజనం ఫొటో పెట్టినవాణ్ని తిట్టాను,
వంతెన కట్టలేదన్నవాణ్ని తిట్టాను,
కట్టారన్నవాణ్నీ తిట్టాను.
పగలు పెగలని గొంతు
వేలి కొసకి దిగుతుంది.
చెమట పట్టదు.
ఎదుటివాడి కన్ను ఎర్రబడటం కనిపించదు.

నేనొక్కణ్నేనా?
పోస్టాఫీసు ఢిల్లేశ్వరరావు,
మనం కాలు తొక్కితే తనే క్షమించమనే మనిషి,
రాత్రయితే ఎవర్నో ఒకర్ని ఉరి తియ్యాలంటాడు.
మర్నాడు కవరుకి జిగురు రాస్తూ
పిల్లల జ్వరం తగ్గిందా అనడుగుతాడు.

మొహమాటం అంటారు చూడండి,
దాంట్లో మొహం ఉంది, మాట ఉంది.
మొహం తీసేశాక మిగిలిన మాటకి
ఆగడానికి చోటు లేదు.
ఇంత తెలిసీ మానలేదు నేను.

మంగళవారం రాత్రి దాలమ్మ
గ్రూపులో గొంతు పెట్టింది.
రాయడం రాదావిడకి.
ఇరవై రెండేళ్లు పిక్కలు కొట్టిన చెయ్యి,
జీడి తినేసిన బొటనవేలు,
రేషను మిషను కూడా పోల్చుకోదు.
"కాటాలో వంద గ్రాములు ఎటు పోతన్నాయో
ఎవులైనా సెప్పండర్రా" అంది.
వెనకాల ఎక్కడో గేదె అరిచింది.

నన్ను అనలేదు.
నన్నే అన్నట్టు తగిలింది.
పులి రాసింది:
చేతకాని ముసలిదానివి, పని మానెయ్,
నీ చేతులు ఎవడికి కావాలి.
పదకొండు మంది నవ్వు బొమ్మలు పెట్టారు.
హాయిగా నిద్రపట్టింది.

పొద్దున్న కాటా దగ్గర దాలమ్మ.
ఆముదం అంటిన చెయ్యి కొంగుకి తుడుచుకుని
బొడ్లోంచి ఫోను తీసింది.
"బావూ, ఈ పులెవుడో నాకేటో రాసినాడంట.
మా గుంట సదవనంతంది, ఏడుస్తంది.
నువ్వు సదువుకున్నోడివి. సదివి సెప్పు."

అక్షరాలు నావే.
నిన్న రాత్రి ఎంత చిన్నగా ఉన్నాయో.
ఇప్పుడు ఆవిడ మొహం పక్కన
ఒక్కోటీ పిక్కల బస్తా అంత.
"చే..." అన్నాను.
నల్లగా, పొలుసులు లేచిన వేళ్లు
తెర మీదికి వచ్చి ఆగాయి.
"చేతులు జాగ్రత్తమ్మా అంటున్నాడు.
నాల్రోజులు పని మాని చూసుకోమంటున్నాడు."

"అంతేనా?"
"అంతే."
"మరి గుంటెందుకేడిసింది?"
తెలీదన్నాను.

లోపల బాయిలరు ఆవిరి వదిలింది.
అది ఆగేదాకా దాలమ్మ ఏమీ అనలేదు.
"అలగైతే జవాబు రాయి బావూ.
నీ సేతులూ జాగర్త నాయనా, అని రాయి."

రాశాను. ఆవిడ ఫోన్లో, నా వేలితో.
నొక్కాను.

నా చొక్కా జేబులో
పులి గుర్రుమంది.

దాలమ్మ జేబు చూసింది.
నా మొహం చూసింది.
జేబు మళ్లీ చూడలేదు.
నా చెయ్యి కోసం ఆగకుండా
తనే తట్ట ఎత్తి కాటా మీద పెట్టి
"తూయి" అంది.

ముల్లు నిలబడేదాకా తల ఎత్తలేదు నేను.
ఎత్తితే,
వరసలో ఇంకా పందొమ్మిది మంది.
అందరికీ మొహాలున్నాయి.